మెడికేర్ బిడ్‌లో నిలబడే ధర వేయడం ఎలా? చిన్న సప్లయర్ల కోసం సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఆక్సిజన్ మిషన్లు, వీల్‌చెయిర్లు, సీపాప్‌లు (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే మిషన్లు), మోకాలి పట్టీలు పేషెంట్ల ఇళ్లకు చేర్చే వ్యాపారం మీది అయితే, మీ ఆదాయంలో పెద్ద ముక్క మెడికేర్ నుంచే వస్తుంటుంది. 65 ఏళ్లు దాటినవాళ్లకు, కొందరు వికలాంగులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అది. ఆ బీమా కొన్ని వస్తువులకు ధరను తాను నిర్ణయించకుండా సప్లయర్ల చేతే బిడ్లు వేయిస్తుంది. గెలిచినవాళ్లకే ఆ ప్రాంతంలో ఆ వస్తువులు ఇచ్చే హక్కు ఉంటుంది. ఓడినవాళ్లకు చాలావరకు తలుపు మూసుకుంటుంది.

బిల్లింగ్ బల్ల దగ్గర కూర్చుని చూసిన అనుభవంతో ఒక్క మాట ముందే చెబుతాను. బిడ్‌లో మీరు వేసే అంకె, ఆ ప్రాంతం చివరి వీధిలో ఉన్న పేషెంటుకు అర్ధరాత్రి మిషన్ ఆగిపోతే మనిషిని పంపించగలిగే అంకె అయి ఉండాలి. గెలవడం కోసం ధర తగ్గించి, ఆ తర్వాత ఫోన్లు ఎత్తని సప్లయర్ వల్ల నష్టపోయేది ఊపిరి కోసం మిషన్ మీద ఆధారపడ్డ ముసలాయన. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ధర లెక్కకే ఇచ్చాను.

ముందు ఈ పద్ధతి నడిచిన దారి తెలుసుకోండి

పాత కథ ఎందుకు అనుకోకండి. ఈ పథకం ఆగుతూ, మారుతూ, మళ్లీ మొదలవుతూ వచ్చింది. అది తెలియనివాళ్లు ముందే సరుకు కొనేసి అప్పుల్లో పడతారు.

1997 నాటి చట్టం కింద ఫ్లోరిడాలోని పోక్ కౌంటీలో, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ప్రయోగాత్మకంగా బిడ్డింగ్ జరిగింది. 2003లో వచ్చిన మెడికేర్ ఆధునికీకరణ చట్టం దాన్ని దేశమంతా అమలు చేయమంది. మొదటి రౌండు 2008 జులై 1న 10 ప్రాంతాల్లో మొదలైంది. రెండు వారాలు తిరక్కముందే కాంగ్రెస్ చట్టం చేసి ఆపేసింది. సంతకాలైన కాంట్రాక్టులు రద్దయ్యాయి. ఆ వాయిదాకు బదులుగా 2009లో ఆ వస్తువులకు మెడికేర్ నిర్ణయించి ఇచ్చే ధరను, అంటే ఫీజును, దేశమంతటా 9.5 శాతం కోశారు.

మళ్లీ బిడ్లు పిలిచి 2011 జనవరి 1 నుంచి 9 ప్రాంతాల్లో అమలు చేశారు. డాలస్, మయామి, షార్లెట్, పిట్స్‌బర్గ్ లాంటివి అందులో ఉన్నాయి. పాత ఫీజుతో పోలిస్తే ధరలు సగటున 32 శాతం పడిపోయాయి. 2013 జులై 1న రెండో రౌండు 100 ప్రాంతాలకు వెళ్లింది. అప్పుడు సగటు కోత 45 శాతం. మెయిల్‌లో పంపే షుగర్ టెస్ట్ స్ట్రిప్పులకైతే 72 శాతం. 2016 నుంచి, బిడ్డింగ్ జరగని ఊళ్లలో కూడా బిడ్ ధరల ఆధారంగానే ఫీజులు తగ్గించారు.

2019, 2020 రెండేళ్లూ ఖాళీ. 2021 రౌండులో 130 ప్రాంతాలకు బిడ్లు పిలిచారు. కోవిడ్ రావడంతో వెంటిలేటర్లను ముందే తీసేశారు. మిగతావాటిలో కూడా రెడీమేడ్ నడుము పట్టీలకు, మోకాలి పట్టీలకు మాత్రమే కాంట్రాక్టులిచ్చారు. ఆశించినంత ఆదా కనపడలేదని మిగతా 13 కేటగిరీలను పక్కన పెట్టేశారు. ఆ కాంట్రాక్టులు 2023 డిసెంబర్ 31తో ముగిశాయి. 2024 జనవరి 1 నుంచి మళ్లీ ఖాళీ సమయం మొదలైంది. 2025 జులైలో మెడికేర్‌ను నడిపే సీఎంఎస్ కొత్త రౌండుకు ప్రతిపాదనలు పెట్టింది. ఒంటికి అతికించుకునే గ్లూకోజ్ మానిటర్లు, ఇన్సులిన్ పంపులు వాటిలో ముఖ్యమైనవి. ఇంటికి పార్సిల్‌లో పంపగలిగే వస్తువులకు విశాలమైన ప్రాంతాలకు కలిపి బిడ్లు పిలవాలన్న ఆలోచన కూడా అందులో ఉంది.

దీన్నుంచి పట్టుకోవాల్సింది ఇది: కాంట్రాక్టు చేతికి వచ్చి, అమలు తేదీ దాటేవరకు గోదాము నింపకండి, అప్పు చేసి వ్యాన్లు కొనకండి. 2008లో రెండు వారాల్లో ఆగింది. 2020లో నెలల తరబడి బిడ్లు తయారు చేసినవాళ్లకు తమ కేటగిరీయే లేదన్న కబురు వచ్చింది.

మొదటి అడుగు: బిడ్ వేసే అర్హత ఉందా?

బిడ్ కిటికీ, అంటే బిడ్లు తీసుకునే గడువు, తెరిచాక ఈ పనులు పెట్టుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఇప్పటినుంచే ఒక్కొక్కటీ చక్కబెట్టండి.

మెడికేర్‌లో పరికరాల సప్లయర్‌గా నమోదై ఉండాలి. ఆ దరఖాస్తు 855ఎస్. సప్లయర్ ప్రమాణాలు 30 ఉన్నాయి. అక్షరాలా పాటించాల్సినవే అన్నీ. దుకాణం కనీసం 200 చదరపు అడుగులు ఉండాలి, వారానికి కనీసం 30 గంటలు తెరిచి ఉండాలి, ఆ వేళలు బయట బోర్డు మీద కనపడాలి. ఇన్స్‌పెక్టర్ చెప్పకుండానే వస్తారు. బోర్డు మీద 9 నుంచి 5 అని రాసి, మధ్యాహ్నం డెలివరీకని తాళం వేసి వెళ్తే నమోదుకే ముప్పు. 3,00,000 డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉండాలి. నమోదు కోసం 50,000 డాలర్ల ష్యూరిటీ బాండ్ (బాండ్ కంపెనీ ఇచ్చే హామీ పత్రం) ఉండాలి. బిడ్ కోసం అడిగే బాండ్ వేరు. దాని సంగతి తర్వాత.

మీరు బిడ్ వేసే కేటగిరీకి అక్రెడిటేషన్, అంటే నాణ్యత తనిఖీ చేసి ఇచ్చే గుర్తింపు, ఉండాలి. సీపాప్‌లకు ఉన్నంత మాత్రాన పవర్ వీల్‌చెయిర్లకు చెల్లదు.

రాష్ట్ర లైసెన్సుల దగ్గర మాత్రం రెండుసార్లు చూసుకోండి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. ఆక్సిజన్ ఇవ్వడానికి ఒకచోట ఫార్మసీ బోర్డు లైసెన్సు కావాలి, ఇంకోచోట ఆరోగ్య శాఖది. రెండో రౌండులో టెన్నెసీలో ఆ రాష్ట్ర లైసెన్సు లేని బయటి సప్లయర్లకు కాంట్రాక్టులు వెళ్లాయి. తర్వాత గొడవై కొన్నిటిని రద్దు చేయాల్సి వచ్చింది. 2015లో వచ్చిన చట్టం లైసెన్సు నిబంధనను ఇంకా బిగించింది. మీ బిడ్ ప్రాంతం రెండు రాష్ట్రాల్లోకి పాకి ఉంటే రెండు చోట్లా లైసెన్సు ఉండాలి.

ఇంకో చిక్కు యాజమాన్యం. ఇద్దరన్నదమ్ములు చెరో కంపెనీ పెట్టుకుని, ఒకరి కంపెనీలో మరొకరికి 5 శాతమో అంతకన్నా ఎక్కువో వాటా ఉందనుకోండి. ఒకే ప్రాంతంలో ఒకే కేటగిరీకి ఆ ఇద్దరూ విడివిడిగా పోటీ పడకూడదు. కలిపి ఒకే బిడ్ వేయాలి. మన కుటుంబ వ్యాపారాల్లో ఇలాంటి వాటాలు చాలా మామూలు. అకౌంటెంట్‌తో కూర్చుని వాటాల పట్టిక ముందే రాసుకోండి.

రెండో అడుగు: లాగిన్లు, సంతకాలు

చిన్న పనిలా కనపడుతుంది కానీ గడువు దగ్గరపడ్డాక టెన్షన్ పెట్టేది ఇదే. బిడ్డింగ్ పనులు చూసే కాంట్రాక్టర్ పేరు సీబీఐసీ. 2021 రౌండులో డీబిడ్స్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో బిడ్లు వేయించారు, కనెక్షన్ అనే ఇంకోదానిలో పత్రాలు ఎక్కించారు. వాటిలో అధికార ప్రతినిధి ఒకరు, ఆయన లేనప్పుడు సంతకం పెట్టే ప్రత్యామ్నాయ ప్రతినిధి ఇంకొకరు, డేటా ఎక్కించే యూజర్లు ఉంటారు. డేటా ఎవరైనా ఎక్కించవచ్చు. చివర్లో ధ్రువీకరణ మాత్రం మొదటి ఇద్దరిలో ఒకరే చేయాలి. అది జరగని బిడ్ అసలు వేసినట్టే కాదు. ప్రత్యామ్నాయ ప్రతినిధిని తప్పకుండా పెట్టుకోండి. చివరి వారంలో యజమాని ఆస్పత్రి పాలైతే నెలల కష్టం గంగలో పోకూడదు. నమోదు రికార్డులో ఉన్న పేరు, చిరునామా, అధికారి వివరాలు ఇక్కడ ఇచ్చే వివరాలతో అక్షరం పొల్లు పోకుండా కలవాలి.

మూడో అడుగు: ఏ ప్రాంతం, ఏ కేటగిరీ?

ప్రాంతాన్ని కౌంటీ మ్యాపు చూసి ఊహించుకోకండి. జిప్ కోడ్ల జాబితాయే ప్రమాణం. జనసాంద్రత తక్కువ ఉన్న చోట్లను వదిలేసే వీలు చట్టంలో ఉంది, కాబట్టి మీరు ఉందనుకున్న ఊరు ఉండకపోవచ్చు, లేదనుకున్నది ఉండొచ్చు. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీనే తీసుకోండి. వైశాల్యం 20,000 చదరపు మైళ్లకు పైనే. అలాంటి చోట జాబితాలో రెండు జిప్ కోడ్లు అటూ ఇటూ అయితే డెలివరీ ఖర్చు లెక్కే మారిపోతుంది.

జాబితా తీసుకుని, మీ గోదాము నుంచి ప్రతి జిప్ కోడ్‌కు కారులో పట్టే సమయం రాసుకోండి. ఒక స్ప్రెడ్‌షీట్, ఒక సాయంత్రం చాలు. గెలిస్తే ఆ ప్రాంతంలో స్థిర నివాసం ఉన్న ఏ మెడికేర్ పేషెంట్ అడిగినా ఇవ్వాల్సిందే. దూరమని, ఖరీదైన పేషెంటని కాదనడానికి వీల్లేదు. కేటగిరీలో ఉన్న ప్రతి వస్తువూ ఇవ్వాలి, బాగా అమ్ముడయ్యే రెండు కోడ్లు (ఒక్కో వస్తువుకు ఉండే బిల్లింగ్ నంబర్లు) మాత్రమే ఇస్తామంటే కుదరదు. కాంట్రాక్టు గడువు మూడేళ్ల దాకా ఉండొచ్చు.

నాలుగో అడుగు: ధర లెక్క

ఇక్కడ నిదానంగా నడుద్దాం.

ముందు, ఒక ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మిషన్) ఇంటికి వెళ్లిన రోజు ఏం జరుగుతుందో చూడండి. ఆస్పత్రి నుంచి సాయంత్రం ఫ్యాక్స్ వస్తుంది, పేషెంట్ రాత్రికి ఇంటికి వెళ్తున్నాడని. డ్రైవర్ మిషన్‌తో పాటు కరెంటు పోతే వాడుకోవడానికి ఒక సిలిండర్, దాని రెగ్యులేటర్, పొడవాటి ట్యూబు, ముక్కుకు పెట్టుకునే క్యాన్యులాలు నాలుగు వ్యాన్‌లో ఎక్కిస్తాడు. ఇంటికెళ్లి మిషన్‌కు సరైన ప్లగ్ పాయింట్ వెతుకుతాడు. ఎక్స్‌టెన్షన్ తీగ మీద పెట్టకూడదు మరి. గ్యాస్ పొయ్యి ఎంత దూరంలో ఉందో చూస్తాడు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అని అడిగి తలుపుకు హెచ్చరిక అంటిస్తాడు. పేషెంట్ భార్యకు ఫిల్టర్ తీసి కడగడం చేతులతో చేసి చూపిస్తాడు. ఆమె తనంతట తాను ఒకసారి చేసేదాకా అక్కడే ఉంటాడు. సంతకాలు తీసుకుని బయటపడేసరికి గంటన్నర. తిరుగు ప్రయాణం ముప్పావుగంట. బిడ్ ఫారంలో మీరు వేసే అంకెలో ఇదంతా ఉండాలి.

ఆక్సిజన్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. మెడికేర్ నెలవారీ అద్దె 36 నెలలే ఇస్తుంది. మిషన్ ఆయుష్షు మాత్రం 5 ఏళ్లుగా లెక్కిస్తారు. మిగతా 24 నెలలూ ఆ పేషెంట్ అవసరం ఉన్నంతకాలం అద్దె లేకుండానే మీ మిషన్ ఆయన ఇంట్లో ఉండాలి. వీల్‌చెయిర్, సీపాప్ లాంటివాటికి అద్దె 13 నెలలు, ఆ తర్వాత వస్తువు పేషెంట్ సొంతం.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఈ అంకెలు పద్ధతి అర్థం కావడానికి నేను వేసినవి. మీ పుస్తకాల్లోంచి మీవి తీసుకోండి. ఒక పేషెంట్ సగటున 15 నెలలు అద్దె చెల్లింపులో ఉంటాడనుకుందాం.

మిషన్ 600 డాలర్లు, దాని జీవితకాలంలో ఇద్దరు పేషెంట్లకు వాడతాం, కాబట్టి ఒకరికి 300. మొదటి డెలివరీకి మనిషి, వ్యాను, పెట్రోలు కలిపి 120. ట్యూబులు, క్యాన్యులాలు, ఫిల్టర్లు నెలకు 5 చొప్పున 75. బ్యాకప్ సిలిండర్‌కు 60. సర్వీసు, రాత్రి ఫోన్లు నెలకు 15 చొప్పున 225. డాక్టర్ల నోట్సు తెప్పించడం, బిల్లింగ్ నెలకు 10 చొప్పున 150. అద్దె, ఇన్సూరెన్స్, అక్రెడిటేషన్, బాండ్ల వాటా నెలకు 20 చొప్పున 300. మొత్తం 1,230 డాలర్లు. 15 నెలలకు పంచితే నెలకు 82.

చాలామంది ఇక్కడితో ఆగిపోయి 85 అనో 88 అనో వేసేస్తారు. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 82 అనేది ఖర్చు మాత్రమే. మీరు బిడ్ వేసిన డాలర్ డాలర్‌గా చేతికి రాదు.

ఖరారైన ధరలో మెడికేర్ ఇచ్చేది 80 శాతం. దానిలో మళ్లీ 2 శాతం సీక్వెస్ట్రేషన్, అంటే ఫెడరల్ ఖర్చు తగ్గించడానికి పెట్టిన కోత, ఉంది. అంటే 100 డాలర్లకు మెడికేర్ నుంచి మీకొచ్చేది 78.40. మిగతా 20 పేషెంట్ ఇవ్వాలి. అందరూ ఇవ్వలేరు. నాలుగో వంతు వసూలు కాదనుకుంటే 15 వస్తుంది. వసూలు చేయడానికి నిజంగా ప్రయత్నించాలి సుమా, అలవాటుగా అందరికీ మాఫీ చేయడం చట్టవిరుద్ధం. ఇప్పటికి 93.40. నూటికి నాలుగు క్లెయిములు కాగితాలు సరిగా లేక తిరిగొస్తాయనుకుంటే మిగిలేది 89.66.

కాబట్టి 82 డాలర్ల ఖర్చు రాబట్టుకోవాలంటే ధర 82ను 0.8966తో భాగించి వచ్చిన 91.46 అయి ఉండాలి. లాభం ఆ పైన. 82కే బిడ్ వేసినవాడికి చేతికి వచ్చేది 73.52. ఒక్కో పేషెంట్ మీద నెలకు 8.48 నష్టం. 200 మంది పేషెంట్లుంటే ఏడాదికి 20,000 డాలర్లు దాటుతుంది. గెలిచామని స్వీట్లు పంచుకున్న షాపు రెండో ఏడాదికి సర్వీసు మనిషిని తీసేసేది ఇందుకే.

మీ బిడ్‌కు పై హద్దు కూడా ఉంటుంది. సీఎంఎస్ ప్రకటించిన బిడ్ లిమిట్ దాటి వేస్తే ఆ బిడ్ చెల్లదు. మీ నిజమైన ఖర్చు ఆ హద్దును దాటుతుంటే ఆ ప్రాంతం వదిలేయడమే మంచిది.

లీడ్ ఐటమ్ మెలిక

పాత రౌండ్లలో కేటగిరీలోని ప్రతి వస్తువుకూ విడిగా ధర వేసేవాళ్లు. 2021 రౌండు నుంచి కేటగిరీకి ఒకే వస్తువుకు బిడ్ వేసే పద్ధతి వచ్చింది. దేశం మొత్తం మీద మెడికేర్ ఎక్కువగా ఖర్చు చేసే వస్తువును లీడ్ ఐటమ్ అంటారు. మిగతా వస్తువుల ధరలు దాన్నుంచి నిష్పత్తిలో వస్తాయి. ఆ నిష్పత్తిని 2015 నాటి పాత ఫీజుల నుంచి తీశారు.

ఉదాహరణకు లీడ్ ఐటమ్ పాత ఫీజు 100, దాంతో పాటు ఇచ్చే ఇంకో వస్తువు పాత ఫీజు 30 అనుకుందాం. నిష్పత్తి 0.3. బిడ్డింగ్‌లో లీడ్ ఐటమ్ ధర 70గా తేలితే, రెండో వస్తువు ధర దానంతటదే 21 అవుతుంది. మీరు దాన్ని కంపెనీ దగ్గర 24కు కొంటున్నారా? అమ్మిన ప్రతిసారీ 3 డాలర్లు పోతాయి, పైగా ఇవ్వను అనలేరు.

అందుకని లీడ్ ఐటమ్ ఖర్చు ఒక్కటే చూడకండి. గత ఏడాది మీరు ఆ కేటగిరీలో ఏ కోడ్ ఎన్ని ఇచ్చారో లెక్క తీసి, ప్రతి కోడ్‌కు నిష్పత్తితో వచ్చే ఆదాయం ఒక గళ్లో, మీ ఖర్చు పక్క గళ్లో రాయండి. లీడ్ ఐటమ్ బిడ్‌ను డాలర్ డాలర్ చొప్పున పెంచుతూ పోతే కేటగిరీ మొత్తం ఎక్కడ నష్టం దాటుతుందో కనపడుతుంది. మీ కనీస బిడ్ అదే.

ధర ఎలా తేలుస్తారు? దాన్నిబట్టి ఎలా వేయాలి?

2021 రౌండు వరకు బిడ్లన్నీ తక్కువ నుంచి ఎక్కువకు వరస పెట్టేవాళ్లు. ఒక్కో బిడ్డర్ ఎన్ని ఇవ్వగలడో కూడుకుంటూ పోతే, ఆ ప్రాంతం అవసరం తీరే చోట ఒక గీత వచ్చేది. ఆ గీత లోపలివాళ్లే విజేతలు. ఈ లెక్కలో ఏ ఒక్క సప్లయర్ సామర్థ్యాన్నీ మొత్తం అవసరంలో 20 శాతానికి మించి లెక్కపెట్టేవాళ్లు కాదు.

మొదటి రౌండ్లలో గెలిచిన బిడ్ల మధ్యస్థాన్ని, అంటే వరసలో సరిగ్గా నడిమి అంకెను, అందరికీ ధరగా పెట్టారు. అంటే గెలిచినవాళ్లలో దాదాపు సగం మంది తాము అడిగిన దానికంటే తక్కువకు ఇవ్వాలి. పైగా ఇష్టం లేకపోతే కాంట్రాక్టు కాదనొచ్చు. ఇక ఉత్తుత్తి బిడ్లు వేయడానికి అడ్డేముంది? 2010లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ క్రాంప్టన్ సహా 167 మంది వేలం నిపుణులు కాంగ్రెస్‌కు లేఖ రాసి సరిగ్గా ఈ లోపాలే ఎత్తి చూపారు. వాళ్ల మాటలో న్యాయం ఉందని నా నమ్మకం. మన షాపుల్లో అనుభవించిన బాధకు ఆ లేఖలో సరైన కారణం దొరుకుతుంది.

2021 రౌండులో గెలిచిన బిడ్లలో గరిష్ఠమైనదాన్ని ధరగా పెట్టారు. ఈ పద్ధతిలో నిజమైన ఖర్చు వేసినవాడు నష్టపోడు, గెలిస్తే తను అడిగినంతో, అంతకంటే ఎక్కువో వస్తుంది. 2025 ప్రతిపాదనలో గెలిచిన బిడ్లలో 75వ పర్సెంటైల్‌ను ధరగా పెట్టాలని ఉంది. ఆ పద్ధతి అయితే గెలిచినవాళ్లలో పై నాలుగో వంతు మంది తమ బిడ్ కంటే తక్కువకు ఒప్పుకోవాలి. కాబట్టి బిడ్ పిలుపు రాగానే ధర తేల్చే నియమం ఏదో ముందు చదవండి. గరిష్ఠం అయితే మీ నిజమైన అంకె వేయండి. వేరే ఏదైనా అయితే మీ అంకెకు 10 శాతం తక్కువ ధర తేలినా షాపు నడుస్తుందా అని లెక్క చూసుకుని అప్పుడు వేయండి.

పక్క షాపువాళ్లతో మాట్లాడుకుని ధరలు అనుకోవడం నేరం. సంఘం డిన్నర్‌లో ఎవరైనా మాటల మధ్య అడిగినా ఆ విషయం ఎత్తకుండా లేచి వచ్చేయండి.

ఐదో అడుగు: బిడ్ బాండ్

2015 చట్టం తెచ్చిన నియమం ఇది. పోటీ పడే ప్రతి ప్రాంతానికీ 50,000 డాలర్ల బిడ్ బాండ్ ఇవ్వాలి. కేటగిరీకి కాదు, ప్రాంతానికి. నాలుగు ప్రాంతాలకు వేస్తే నాలుగు బాండ్లు. బాండ్ ఇచ్చే కంపెనీ అమెరికా ట్రెజరీ ఆమోదించిన జాబితాలో ఉండాలి. మీరు కట్టేది ప్రీమియం మాత్రమే, అది మీ క్రెడిట్‌ను బట్టి ఉంటుంది.

ఈ డబ్బు ఎప్పుడు పోతుంది? మీకు కాంట్రాక్టు ఇస్తామన్నప్పుడు కాదంటే, మీ బిడ్ ధర తేల్చే లెక్కలోకి తీసుకున్న బిడ్ల మధ్యస్థానికి సమానంగా గానీ కిందగానీ ఉంటే, 50,000 జప్తు అవుతుంది. చవగ్గా వేసి తర్వాత తప్పుకునే దారిని ఇలా మూశారు. మంచి నియమమే, నిజాయితీగా లెక్క కట్టినవాళ్లకు దీనివల్ల మేలు.

ఆరో అడుగు: ఆర్థిక పత్రాలు

2021 రౌండులో అడిగినవి: ఆదాయ వ్యయ పట్టిక, బ్యాలెన్స్ షీట్, నగదు ప్రవాహ పట్టిక, ట్యాక్స్ రిటర్న్‌లో చెప్పిన పేజీలు, స్కోరుతో కూడిన క్రెడిట్ రిపోర్టు. బిడ్ పిలుపులో కొత్త జాబితా వస్తుంది, అక్షరం అక్షరం దాన్నే పాటించండి.

చిన్న షాపులు ఎక్కువగా తప్పేది రెండు చోట్ల. నగదు ప్రవాహ పట్టిక చాలామంది దగ్గర ఉండదు, అకౌంటెంట్‌ను అడిగితే వారం పడుతుంది. రెండోది, ట్యాక్స్ రిటర్న్ ఉన్న కాలమూ పట్టికల కాలమూ కలవకపోవడం. ఒకటి నగదు పద్ధతిలో, ఇంకొకటి బకాయిలు కలిపిన పద్ధతిలో ఉంటే చూసేవాళ్లకు అనుమానం వస్తుంది.

చట్టంలో ఒక మంచి వెసులుబాటు ఉంది. బిడ్ కిటికీ మూసే తేదీకి 30 రోజుల ముందు, లేదా తెరిచిన 30 రోజులకు, ఈ రెండింట్లో ఏది తర్వాత వస్తే ఆ తేదీలోపు పత్రాలు పంపితే, ఏవైనా లేకపోతే మీకు తెలియజేస్తారు. కబురు అందిన 10 పని దినాల్లో పంపొచ్చు. గడువు చివరిదాకా ఆగినవాళ్లకు ఈ వీలు లేదు. ఒకటి గుర్తుంచుకోండి, వాళ్లు చెప్పేది పత్రం లేదన్న సంగతే. ఉన్న పత్రంలో తప్పుందని చెప్పరు.

ఏడో అడుగు: చిన్న సప్లయర్ల వెసులుబాట్లు

మీ మొత్తం వార్షిక రాబడి 35 లక్షల డాలర్లు దాటకపోతే ఈ పథకంలో మీరు చిన్న సప్లయర్. విజేతల్లో 30 శాతం చిన్నవాళ్లు ఉండాలన్నది లక్ష్యం. ఒంటరిగా మొత్తం ప్రాంతానికి సేవ చేయలేని 2 నుంచి 20 మంది చిన్న సప్లయర్లు నెట్‌వర్క్‌గా కలిసి బిడ్ వేయొచ్చు. బిడ్ వేసేనాటికి వాళ్లందరి మార్కెట్ వాటా కలిపి 20 శాతం మించకూడదు. కాగితం మీద బాగుంటుంది కానీ, ఒకరి అక్రెడిటేషన్ పోతే మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. బాగా తెలిసినవాళ్లతో తప్ప నెట్‌వర్క్‌లో దిగకండి.

ఎనిమిదో అడుగు: తక్కువ ధరకు రుజువు

మీ బిడ్ మరీ తక్కువగా కనపడితే, ఆ ధరకు ఎలా ఇవ్వగలరో రుజువు అడుగుతారు. తయారీదారుల ఇన్వాయిస్‌లు, కొటేషన్లు, ఖర్చుల వివరణ పంపాలి. బిడ్ వేసే రోజే ఆ ఫైలు సిద్ధం చేసి పెట్టుకోండి. పైన వేసుకున్న లెక్క పట్టికే సగం వివరణ అవుతుంది. నమ్మదగిన రుజువు లేకపోతే బిడ్ తీసేస్తారు.

కాంట్రాక్టు ఎవరికిచ్చారు, ధర ఎలా పెట్టారు అన్నదాని మీద కోర్టుకు వెళ్లే దారి చట్టంలో లేదు. చేయాల్సిన జాగ్రత్తంతా సబ్మిట్ నొక్కేముందే చేయాలి. ధ్రువీకరించే ముందు ఫారాలన్నీ ప్రింటు తీసి, బిడ్‌తో సంబంధం లేని ఒక మనిషి చేత అంకెలు గట్టిగా చదివించండి. దశాంశ చుక్క ఒక గడి జరిగితే మూడేళ్ల పాటు పట్టి ఉంటుంది.

గెలిస్తే

కాంట్రాక్టు మొదలయ్యేలోపు రెండు పనులు ముఖ్యం. మొదటిది, మీ ప్రాంతంలోని ఆస్పత్రుల డిశ్చార్జి డెస్కులకు మీ రాత్రి నంబరు ఇవ్వడం. రెండోది, ఇతర సప్లయర్ల దగ్గర అద్దెలో ఉన్న పేషెంట్లు మీ దగ్గరకు మారితే వచ్చే చెల్లింపు తెలుసుకోవడం. 13 నెలల అద్దె వస్తువైతే లెక్క మళ్లీ కొత్తగా మొదలవుతుంది. ఆక్సిజన్ అయితే 36లో ఎన్ని నెలలు అయిపోయినా మీకు కనీసం 10 నెలల అద్దె దక్కుతుంది. డాక్టరు ఒక ఫలానా బ్రాండే కావాలని వైద్య కారణంతో రాస్తే, అది ఇవ్వాలి, లేదా డాక్టరుతో మాట్లాడి ప్రత్యామ్నాయం రాయించుకోవాలి, లేదా ఇవ్వగల సప్లయర్‌ను పేషెంటుకు చూపించాలి.

ఓడితే

ఓడినా ఇప్పటికే మీ దగ్గర అద్దెలో ఉన్న పేషెంట్లకు సేవ కొనసాగించే అవకాశం ఉంది. దాన్ని గ్రాండ్‌ఫాదరింగ్ అంటారు. ఒక కేటగిరీలో కొనసాగిస్తే అడిగిన పాత పేషెంట్లందరికీ కొనసాగించాలి, లాభం ఉన్నవాళ్లను ఏరుకోవడం కుదరదు.

వద్దనుకుంటే మాత్రం పేషెంట్లను గాలికి వదలకూడదు. పథకం మొదలవడానికి 30 పని దినాల ముందు ఉత్తరం పంపాలి. మిషన్ వెనక్కి తీసుకునే ముందు 10 పని దినాల నాడు ఒకసారి, 2 పని దినాల నాడు మరోసారి ఫోన్ చేయాలి. ఫోన్ చేసినప్పుడు కొత్త సప్లయర్ పేరు, నంబరు నిదానంగా రెండుసార్లు చెప్పి రాయించండి. అవతల చాలామందికి చెవులు సరిగా వినపడవు. వెళ్లిన రోజు కొత్త సప్లయర్ మిషన్ వచ్చి, ప్లగ్ పెట్టి, ఆక్సిజన్ ముక్కుకు అందుతోందని మీ మనిషి కళ్లారా చూశాకే పాతదాని స్విచ్ కట్టేయాలి. కొత్తది రాకపోతే మీ మిషన్‌ను అక్కడే ఉంచి ఖాళీ చేతులతో వెనక్కి రావాలి.